ఫ్లాష్ గోర్డన్ అభిమానులను కూర్చోబెట్టబోయే మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నెలకో ఆదివారం ఎంవీపీ కాలనీలో మీ డాబా మీద, అమెరికా కామిక్స్‌లోని అంతరిక్ష వీరుడు ఫ్లాష్ గోర్డన్ అభిమానులను పోగుచేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ కథలు మన దేశంలో వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్ పుస్తకాలున్న మీ తాతగారి పెట్టె నీ వాటాకు వచ్చిన సంగతి కూడా చెప్పింది. మంచి ఆలోచనే. ఫోనులో చెబితే ‘సరే మామయ్యా’ అంటూ సగం విని సగం వదిలేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

అన్నిటికంటే ముందు, సమావేశాన్ని బేరాల అడ్డాగా మారనివ్వకు. ఎవరి దగ్గర ఏ నంబరు సంచిక ఉంది, ఏది ఎంతకు అమ్ముడుపోయింది, దేనికి అట్ట లేదు... ఈ మాటలు ఒకసారి మొదలయ్యాయంటే ఇంట్లో పుస్తకాలు లేనివాడు ఆ పూటంతా నోరు మూసుకుని కూర్చోవలసిందే. నువ్వు ముందు పిలవవలసింది అతన్నే. మొదటి గంట ఎవరూ ధర ఎత్తకూడదని ముందే చెప్పేసి, అందరి మధ్యలో ఒకే ఒక్క పేజీ పెట్టు. కాసేపు మాటల్లేకుండా చూడనివ్వు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ ‘మీ కన్ను ముందు ఎక్కడ ఆగింది?’ అని అడుగు. జవాబులు కలవవు. సమావేశం అక్కడి నుంచి దానంతట అదే నడుస్తుంది.

షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసి బతికినవాణ్ని కాబట్టి నాకు కథకంటే గీత ముందు కనిపిస్తుంది. నీకూ అదే అలవాటు చేయాలని నా స్వార్థం. ఫ్లాష్ గోర్డన్ మొదటి ఆదివారం పేజీ అమెరికా పత్రికల్లో 1934 జనవరి 7న వచ్చింది. అప్పటికే 1929 నుంచి బక్ రోజర్స్ అనే అంతరిక్ష వీరుడు పాఠకులను కట్టిపడేస్తున్నాడు. దానికి పోటీగా, పత్రికలకు కామిక్స్ అమ్మే కింగ్ ఫీచర్స్ సంస్థ తన దగ్గరున్న అలెక్స్ రేమండ్ అనే కుర్ర చిత్రకారుడికి ఈ పని అప్పగించింది. మంగో అనే గ్రహం భూమి మీదికి దూసుకొస్తుంటుంది. ఉల్క తగిలిన విమానం నుంచి ఫ్లాష్, డేల్ అనే అమ్మాయి పారాచూట్‌తో దూకి డాక్టర్ జార్కోవ్ ప్రయోగశాల దగ్గర పడతారు. ఆయన వాళ్లిద్దరినీ తుపాకీతో బెదిరించి రాకెట్ ఎక్కిస్తాడు. ఇంత కథ మొదటి పేజీ దాటకుండానే నడిచిపోతుంది. ఆ తొందర చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ 1934 పేజీ పక్కన 1938 తర్వాతి పేజీ ఒకటి పెట్టి చూపించు. మొదటి దాంట్లో చిన్న చిన్న గడులు కిక్కిరిసి ఉంటాయి, ప్రతి గడిలోనూ మాటల బుడగలు. నాలుగైదేళ్లు గడిచేసరికి గడులు పెద్దవయ్యాయి, బుడగలు మాయమయ్యాయి, మాటలు బొమ్మ అంచుకు చేరాయి. కుంచెను దాదాపు ఆరబెట్టి లాగిన సన్నటి గీతలతో బట్టల ముడతలు, భుజాల కండలు, గుహల్లో నీడలు తేలాయి. ఒక మనిషి చేయి ఇలా ఎదగడం వారం వారం అచ్చులో కనబడటం అరుదు. ఈ తేడాను నువ్వు చెప్పకు, వచ్చినవాళ్లను పట్టుకోనివ్వు. నువ్వు చెప్పావంటే అది పాఠమైపోతుంది, పాఠం వినడానికి ఆదివారం ఎవరూ రారు.

గద్దమనుషుల రాజు వల్టన్ నగరం బొమ్మ తప్పకుండా పెట్టు. ఆ ఊరు ఆకాశంలో కాంతి కిరణాల మీద నిలబడి ఉంటుంది. ఆ కిరణాలను పుట్టించే కొలిమిలో బానిసలు పారలతో ఇంధనం వేస్తుంటారు. అంత గొప్ప ఊహకు అడుగున రేమండ్ పార పట్టుకున్న మనిషిని గీయడం నాకు మహా ఇష్టం. మన ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్లకు కొదవ లేదు. అలాంటివాళ్లెవరైనా వస్తే ఆ పేజీ వాళ్ల ముందు పెట్టి, కొలిమి ముందు ఒళ్లు ఎలా వంగుతుందో, రేమండ్ సరిగ్గా గీశాడో లేదో చెప్పమను. కామిక్స్ ముఖం చూడని మనిషి కూడా గంటసేపు మాట్లాడతాడు.

సైన్సు ఫిక్షన్ అంటే బెదిరిపోయేవాళ్లు మన చుట్టాల్లోనే బోలెడుమంది. వాళ్లకు ఇది జానపదమని చెప్పు. అబద్ధమేమీ కాదు. క్రూరుడైన చక్రవర్తి మింగ్, వీరుణ్ని చూసి మనసు పారేసుకున్న అతని కూతురు ఆరా, అడవి రాజ్యం ఆర్బోరియాను ఏలే బారిన్, మంచు దేశం ఫ్రిజియా రాణి ఫ్రియా, సొరచేప మనుషులు, సింహపు మనుషులు. రాకెట్లు తీసేసి గుర్రాలు పెడితే విఠలాచార్యగారు సెట్లు వేయించి ఉండేవారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్లు చిత్రగారి బొమ్మలతో చదివి పెరిగినవాళ్లకు మంగో పరాయి ఊరేమీ కాదు. మీ అత్తయ్యకు నేను అలాగే అలవాటు చేశాను. ఇప్పుడు ఆవిడకు ఆరా మీద జాలి, డేల్ మీద విసుగు. ఫిజిక్సు చదివినవాళ్లు వచ్చి, అంత పెద్ద గ్రహం అంత దగ్గరికొస్తే సముద్రాలు ఏమవుతాయని అడిగితే అడగనివ్వు. సముద్రం పక్కనే ఉన్నాం, ఆ చర్చా బాగానే ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం మొహమాటపడకు. మింగ్ పేరు, మీసం, తొలి పేజీల్లో అతని ఒంటి పసుపు రంగు చూస్తే, తూర్పు ఆసియావాళ్లంటే ఆనాటి అమెరికా పత్రికలు పెంచి పోషించిన భయం స్పష్టంగా తెలుస్తుంది. డేల్ కూడా మొదట్లో ఎత్తుకుపోబడటానికే పుట్టినట్టు ఉంటుంది. మేం చిన్నప్పుడు ఇవేవీ పట్టించుకోలేదు. పిల్లలు వస్తారు కాబట్టి నువ్వు పట్టించుకోవాలి. దాచకు, క్షమాపణలతో మొదలుపెట్టకు. ఎవరైనా అడిగినప్పుడు ఆ పేజీ తెరిచి, ఇది ఇలా ఎందుకు ఉందో తిన్నగా మాట్లాడు. బొమ్మ నచ్చడం, బొమ్మలోని చూపు నచ్చకపోవడం ఒకే మనిషిలో ఇరుగుపొరుగుగా ఉండగలవు.

ఎవరు గొప్ప అనే తగవు తప్పదు. 1944లో రేమండ్ సైన్యంలో చేరాక ఆస్టిన్ బ్రిగ్స్, 1948 నుంచి మాక్ రబోయ్ ఆదివారం పేజీలు గీశారు. 1951లో రోజువారీ స్ట్రిప్‌ను డాన్ బారీ అందుకుని, 1967 తర్వాత ఆదివారం పేజీలు కూడా తీసుకుని 1990 దాకా లాగాడు. రేమండ్ భక్తులకు బారీ చప్పగా అనిపిస్తాడు. నాకైతే కథ నడపడంలో బారీయే నచ్చుతాడు, యంత్రాన్ని యంత్రంలా గీస్తాడు. ఈ మాట సభలో అనకు, అందరూ నా మీద పడతారు. తగవుకు బదులు ఒక ఆట ఆడించు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన రేమండ్ 1946లో మొదలుపెట్టిన డిటెక్టివ్ స్ట్రిప్ రిప్ కిర్బీ కూడా ఇంద్రజాల్‌లో వచ్చేది. పేర్లు కప్పేసి రెండింటి ముఖాలూ పక్కపక్కన పెట్టి, ఒకే చేయి అవునా కాదా చెప్పమను.

ఇంద్రజాల్ గురించి నీకు తెలియాల్సింది ఉంది. టైమ్స్ ఆఫ్ ఇండియావాళ్లు 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలుపెట్టి 1990 దాకా తెచ్చారు. లోపలి బొమ్మలు చాలావరకు అమెరికావే గానీ అట్టల మీద గోవింద్ అనే మన చిత్రకారుడు వేసినవి చాలా ఉన్నాయి. కేవలం అట్టల కోసమే ఒక ఆదివారం కేటాయించు. ఇంకో సంగతి: పత్రికల కోసం గీసిన స్ట్రిప్‌లను చిన్న పుస్తకంలో ఇరికించడానికి కొన్ని గడులు కత్తిరించేవారు, కొన్ని వదిలేసేవారు. మీ తాతగారి పెట్టెలో ఉన్నదే అసలు అనుకోకు. రేమండ్ ఆదివారం పేజీలను టైటాన్ ప్రచురణసంస్థ 2012 నుంచి పెద్ద సంపుటాలుగా వేసింది. డబ్బు పెట్టదలిస్తే ముందు అవి కొను. నలిగిన పాత సంచిక ఒకటి ఎక్కువ ధరకు కొనేకంటే నాలుగేళ్ల పేజీలు వరుసగా చూడటం లాభం. పాత సంచిక కొనాల్సి వస్తే నడిమి కాగితం ఉందో లేదో చూడు. పిన్నులు వదులైతే ముందు ఊడిపోయేది అదే. పేజీలు వరుసగా తిప్పి చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనకు.

ఇక పెట్టె సంగతి. దీని మీదే నాకు ఎక్కువ బెంగ. హైదరాబాదులో దాచుకున్నట్టు విశాఖలో దాచుకుంటే కుదరదు. మన గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. ముందు పోయేది కాగితం కాదు, నడుములో ఉన్న రెండు పిన్నులు. అవి తుప్పు పట్టి చుట్టూ ఉన్న కాగితాన్ని కూడా తినేస్తాయి. నడిమి పేజీ తెరిచి పిన్ను కొమ్ములను సన్నటి చాకు మొనతో మెల్లగా పైకి లేపి, వెనక నుంచి బయటికి తీసెయ్యి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలు దారం పోనిచ్చి వదులుగా ముడివెయ్యి. బిగించావంటే దారమే కాగితాన్ని కోస్తుంది.

చిరిగినచోట సెలోటేపు అంటించకు. కొన్నాళ్లకు దాని జిగురు గోధుమరంగుకు తిరిగి అక్షరాలను మింగుతుంది. లామినేషన్ మాట అసలే ఎత్తకు. ఆ కాగితం చవక న్యూస్‌ప్రింట్, దానిలోని ఆమ్లమే దాన్ని పసుపురంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. ఆ పని పూర్తిగా ఆపలేం, వెలుతురు తగలకుండా చూస్తే నెమ్మదిస్తుంది. పాలిప్రొపిలీన్ కవరు వాడు, వాసన వేసే పీవీసీ కవరు వద్దు. కవరుకొక గట్టి అట్ట వేసి నిలబెట్టి సర్దు. పెట్టెలో సిలికా జెల్ సంచులు పడెయ్యి, వానాకాలంలో తరచు చూసి ఆరబెట్టు. మీ నాయనమ్మ పచ్చి వేపాకు పెట్టమంటుంది. ఆవిడ మాట తీసెయ్యలేక పెడతావేమో, పెట్టకు. తేమ, మరక రెండూ ఇస్తుంది. పెట్టెను నేల మీద పెట్టొద్దు, బయటిగోడకు ఆనించొద్దు. చెదలు ఆ రెండు దారుల్లోనే వస్తాయి.

2014 అక్టోబరు 12 నీకు గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ గాలికి కిటికీ అద్దాలు పగిలి, బీరువాల్లోకి వాన కొట్టిన ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. తడిసిన పుస్తకాలను చాలామంది ఎండలో పరిచారు. కాగితాలు వంకరలు పోయాయి, రంగులు వెలిశాయి. అలాంటి రోజు మళ్లీ వస్తే నీడలో ఫ్యాను కింద పరిచి, అచ్చులేని తెల్ల కాగితాలు పేజీల మధ్య పెట్టి మారుస్తూ ఉండు. నున్నటి అట్టలు ఒకదానికొకటి అతుక్కోకముందే విడదియ్యి. రెండు రోజుల్లో ఆరబెట్టలేనంత ఉంటే కవర్లలో వేసి ఫ్రీజరులో పెడితే బూజు ఆగుతుందని పుస్తక సంరక్షకులు చెబుతారు. మంచి సలహాయే. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేని ఊరికి ఆ సలహా ఎంత పనికొస్తుందో నువ్వే ఆలోచించుకో. తుపాను హెచ్చరిక వినగానే పెట్టెను కిటికీ లేని గదిలోకి మార్చడమే నా పద్ధతి.

ఇవన్నీ విని డాబా మీదికి అసలు సంచికలు తేకుండా ఉంటావని ఆశిస్తాను. సాయంత్రం గాలికి న్యూస్‌ప్రింట్ నిలవదు. పేజీలు ఫోటో తీసి టీవీలో చూపించు, లేదా సంపుటాలు పెట్టు. పాత సంచిక ఒకటి మాత్రం తీసుకురా, అందరూ కడిగి తుడుచుకున్న చేతులతో ఒకసారి పట్టుకుని చూడాలి. ఆ కాగితం బరువు ఫోటోలో రాదు. జనం పెరిగితే ద్వారకానగర్‌లోని పబ్లిక్ లైబ్రరీవాళ్లను గది ఇస్తారేమో అడిగి చూడు. పిల్లలు ఎలాగూ అక్కడికే వస్తారు.

మొదటి ఆదివారానికి వల్టన్ నగరం పెడతావో, ఫ్రిజియా మంచు కథ పెడతావో తేల్చుకుని నాకు ముందే చెప్పు. భూతద్దాలు రెండు నేను తెస్తాను. టీ, పకోడీలు పేజీకి దూరంగా వేరే బల్ల మీద పెట్టించు, వాటి బాధ్యత మీ నాన్నకు అప్పగించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య