వాహన వైద్యం: ఘాట్ ఎక్కితే మరిగిపోయే పాత జిప్సీ

ప్రశ్న: నా దగ్గర 1998 నాటి మారుతి జిప్సీ కింగ్ ఉంది. కార్బొరేటరు ఉన్న 1298 సీసీ ఇంజను. మాడుగుల వైపు నుంచి పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు, అమ్మవారి పాదాల దగ్గరికి చేరేలోపే టెంపరేచర్ గేజీ ముల్లు ఎర్ర గీతను తాకుతోంది. చదును రోడ్డు మీద 60 వేగంతో వెళ్తే మాత్రం ముల్లు సగం కూడా దాటదు. ఏడాదిన్నరగా ముగ్గురు మెకానిక్కులకు చూపించాను. వాటర్ పంపు, రేడియేటరు మూత మార్చారు, థర్మోస్టాటు (ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని కవాటం) తీసేశారు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్టు (ఇంజను బ్లాకుకూ దాని పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ దింపాలని అంటున్నారు. బండికి రెండేళ్ల క్రితం బయట ఏసీ పెట్టించాను. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, పాడేరు)

జవాబు: హెడ్ దింపే పని ప్రస్తుతానికి ఆపించండి. మీ బండి జబ్బు గురించి మీ ఉత్తరంలోని ఒక్క వాక్యమే చాలా సంగతులు చెబుతోంది. చదునులో చల్లగా నడుస్తూ, ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కే ఇంజనులో ముందుగా అనుమానించవలసింది నీటి ప్రవాహాన్ని కాదు, గాలి ప్రవాహాన్ని. ఇప్పటి వరకు మార్చిన వస్తువులన్నీ నీటి వైపువే. గాలి వైపు ఎవరూ చూసినట్లు లేదు.

పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతు కూలింగు నీటిలోకి వేడిగా చేరుతుంది. ఆ వేడిని రేడియేటరు గాలికి అప్పగించాలి. 60 వేగంతో పోయే బండికి ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది కాబట్టి ఫ్యాను చచ్చిపోయి ఉన్నా డ్రైవరుకు తెలియదు. ఘాట్‌లో రెండో గేరులో, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, ఇంజను గట్టిగా తిరుగుతూ ఎక్కుతున్నప్పుడు వేడి రెట్టింపవుతుంది, ఎదురుగాలి మాత్రం ఉండదు. ఆ సమయంలో రేడియేటరు గుండా గాలిని లాగే భారమంతా ఫ్యాను మీదే పడుతుంది.

జిప్సీలో ఫ్యాను నేరుగా పుల్లీకి బిగించి ఉండదు. వాటర్ పంపు ముందు భాగంలో ఒక గుండ్రని అల్యూమినియం క్లచ్చు ఉంటుంది, దాని లోపల చిక్కని సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటరు దాటి వచ్చే గాలి వేడెక్కినప్పుడు క్లచ్చు ముందున్న చిన్న లోహపు రేకు వంగి, లోపలి దారి తెరుచుకుని, నూనె పట్టు బిగిసి ఫ్యాను జోరుగా తిరుగుతుంది. ఇంజను చల్లగా ఉంటే పట్టు సడలి, ఫ్యాను నెమ్మదిస్తుంది. పాతికేళ్లు దాటిన బండిలో ఈ నూనె కారిపోవడం చాలా మామూలు విషయం. అయినా కంటికి ఫ్యాను తిరుగుతూనే కనిపిస్తుంది కాబట్టి మెకానిక్కులు దాన్ని పట్టించుకోరు. తిరిగే ఫ్యానుకూ గాలి లాగే ఫ్యానుకూ ఉన్న ఈ తేడా తెలియక ఎంతమంది హెడ్లు దింపించుకున్నారో నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను, ప్రతిసారీ బాధ కలుగుతుంది.

పరీక్ష సులువే. ఇంజను బాగా వేడెక్కిన తర్వాత ఆపి, తాళం చెవి తీసేసి, ఫ్యానును చేత్తో ఒకసారి విసురుగా తిప్పండి. మంచి క్లచ్చు అయితే చేతికి బరువుగా తగిలి, ఒకటి రెండు చుట్లలో ఆగిపోతుంది. సైకిలు చక్రంలా అయిదారు చుట్లు తేలిగ్గా తిరిగితే క్లచ్చు పోయినట్లే. క్లచ్చు ఒంటి మీద, ఫ్యాను రెక్కల మొదళ్ల దగ్గర దుమ్ము పట్టిన నూనె చారలు ఉంటే అది మరో సాక్ష్యం. ఇంజను నడుస్తుండగా ఫ్యాను దగ్గరికి చెయ్యిగానీ, మెడలోని తువ్వాలుగానీ ఎట్టి పరిస్థితిలోనూ పోనివ్వకండి.

రెండవది, ఫ్యాను చుట్టూ ఉండే కౌల్. రేడియేటరుకు వెనకవైపు బిగించే ఈ తొడుగు లేకపోతే ఫ్యాను తన రెక్కల ఎదురుగా ఉన్న కాస్త భాగం నుంచే గాలిని లాగుతుంది. రేడియేటరు మూలలు ఊరికే ఉండిపోతాయి. జిప్సీకి కంపెనీ నుంచి ఏసీ రాలేదు. బయట ఏసీ బిగించేవారు చోటు కోసం కౌల్‌ను కోసేయడమో, మొత్తంగా తీసేయడమో చేస్తుంటారు. పైగా ఏసీ కండెన్సరు రేడియేటరు ముందు గోడలా నిలబడుతుంది, తన వేడిని కూడా వెనక్కే పంపుతుంది. ఆ రెండింటి మధ్య సందులో ఎర్రమట్టి, గడ్డి గింజలు, పురుగులు పేరుకుని అట్ట కట్టి ఉంటాయి. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. కండెన్సరును కొద్దిగా ముందుకు జరిపి, ఇంజను వైపు నుంచి బయటి వైపుకు తక్కువ ఒత్తిడి నీటితో కడిగించండి. ప్రెజరు వాషరు దగ్గరగా పెడితే పల్చటి ఫిన్నులు వంగిపోయి ఉన్న గాలి దారులు కూడా మూసుకుపోతాయి.

థర్మోస్టాటు విషయంలో నా అభిప్రాయం గట్టిది: దాన్ని తిరిగి పెట్టించండి. అది తీసేస్తే ఘాట్‌లో మీకు ఒరిగిందేమీ లేదని మీరే చూశారు. పూర్తిగా తెరుచుకున్న థర్మోస్టాటు నీటిని అడ్డుకోదు, కాబట్టి మంచిదాన్ని తీసేయడం వల్ల ఎక్కుడులో లాభం ఉండదు. నష్టం మాత్రం ఉంది. చదునులో ఇంజను ఉండవలసిన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సరిగా మండని పెట్రోలు సిలిండరు గోడల మీదుగా ఇంజను ఆయిలులోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మీ బండి చదునులో సగం గీత దాటకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆ చల్లదనం ఆరోగ్య లక్షణం కాదు. కొత్త థర్మోస్టాటును బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచి చూడండి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర, అంటే సాధారణంగా 82 లేదా 88 డిగ్రీల దగ్గర, అది తెరుచుకోవడం మొదలవ్వాలి. గిన్నె అడుగుకు తగిలేలా పెడితే తప్పు లెక్క వస్తుంది.

మూత మార్చామన్నారు. దాని మీద 0.9 అన్న అంకె, అంటే అది ఆపే ఒత్తిడి బార్లలో, ఉందో లేదో చూడండి. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలకు మరిగే నీరు, ఆ ఒత్తిడి కింద దాదాపు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరులో మూత సరిగా పట్టకపోతే నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. కొండ మీద బండి నడిపేవారికి మూత విలువ మైదానంలో వారికంటే ఎక్కువ.

ఇక హెడ్ గ్యాస్కెట్టు. ఈ ఇంజనులో బ్లాకు, హెడ్ రెండూ అల్యూమినియంవే కాబట్టి, పదే పదే ఎర్ర గీత తాకించిన బండిలో హెడ్ వంగి ఉండే ప్రమాదాన్ని నేను కొట్టిపారేయడం లేదు. కానీ హెడ్ దింపకుండానే దాన్ని తేల్చుకోవచ్చు. తెల్లవారి చల్లని ఇంజనును స్టార్టు చేసిన రెండు మూడు నిమిషాలకే పై హోసు పైపు రాయిలా గట్టిపడుతోందా? మూత తీసి ఉంచి స్టార్టు చేస్తే రేడియేటరు మెడలో ఆగకుండా బుడగలు వస్తున్నాయా? ఆయిలు మూత లోపల పాలమీగడలాంటి జిగట ఉందా? నీటి మీది గాలిని లాగి నీలిరంగు ద్రవం గుండా పంపే పరీక్ష పరికరం మంచి షెడ్లలో ఉంటుంది. గ్యాస్కెట్టు దాటి పొగ నీటిలోకి చేరుతుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. వీటిలో ఏదీ కనిపించకపోతే హెడ్ జోలికి పోవద్దు.

ఈలోగా ఘాట్‌లో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, ఆవిరి రాకుండా ఉంటే ఇంజనును కాస్త ఎక్కువ రేసులో రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. ఆవిరి వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. మూతను గంటసేపు ముట్టుకోవద్దు. మా చిన్నప్పుడు ఏజెన్సీ జీపు డ్రైవర్లు తడి గోనెసంచి కప్పి మూత తిప్పేవారు. ఆ పనిలో ముంజేతులు కాలిన వారిని నేను చూశాను.

అదే పాఠకుడు మూడు వారాల తర్వాత: మీరు చెప్పినట్లు తిప్పి చూస్తే ఫ్యాను ఎనిమిది చుట్లు తిరిగింది. కౌల్ సగం కోసేసి ఉంది. క్లచ్చు, కౌల్, థర్మోస్టాటు కొత్తవి వేయించాను. బుడగల పరీక్షలో ఏమీ రాలేదు. ఇప్పుడు ఘాట్ మొత్తం ఎక్కినా ముల్లు సగం మీద కొద్దిగా మాత్రమే కదులుతోంది. అయితే ఇంతకుముందు లేని కొత్త సమస్య వచ్చింది. అనకాపల్లి దాటాక హైవే మీద 80 వేగంతో అరగంట నడిపితే ముల్లు నెమ్మదిగా ముప్పాతిక దాకా పోతోంది. కొత్త థర్మోస్టాటు తీసేయమంటారా?

జవాబు: తీయవద్దు. ఆ సమస్య కొత్తది కాదని నా నమ్మకం. థర్మోస్టాటు లేనప్పుడు నీరు చల్లగా మొదలై 60 వేగంలో అక్కడే ఉండిపోయేది కాబట్టి అది బయటపడలేదు. హైవే మీద ఎదురుగాలికి లోటు లేదు. గాలి ఉన్నా వేడి తగ్గడం లేదంటే ఇప్పుడు నీటి వైపు చూడాలి. పాత బండిలో రెండు లోపాలు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం అరుదేమీ కాదు. మొదటిదాన్ని సరిచేసినా బండి పూర్తిగా కుదుటపడకపోతే, ఆ మరమ్మతు వృథా అయిందని చాలామంది పొరబడతారు. మీ విషయంలో అది వృథా కాలేదు.

హైవే మీద నడిపి వచ్చి ఆపిన వెంటనే, దూరం నుంచి వేడి కొలిచే తుపాకీలాంటి థర్మామీటరుతో రేడియేటరు ముఖాన్ని గళ్లు గళ్లుగా కొలవండి. నీరు లోపలికి వచ్చే చోటు నుంచి బయటికి పోయే చోటు దాకా వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా అరచేయంత భాగం ఒక్కసారిగా చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు పూడిపోయి నీరు పారడం లేదని అర్థం. రాగి, ఇత్తడి రేడియేటరు అయితే ట్యాంకులు విప్పి రాడ్డింగు (గొట్టాల్లో కడ్డీ దూర్చి పూడిక తీయడం) చేయించవచ్చు. అయితే ఆ పని ఒకసారికి మించి చేయిస్తే పల్చబడిన గొట్టాలు చిల్లులు పడతాయి. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటరు అయితే కొత్తది కొనడమే మేలు. దుకాణంలో 1298 సీసీ బండికని స్పష్టంగా చెప్పండి. 1985లో మొదట వచ్చిన జిప్సీ 970 సీసీది, దాని సామాను వేరు.

రేడియేటరు బాగుంటే కింది హోసు పైపు చూడండి. ఇంజను జోరుగా తిరిగినప్పుడు పంపు లాగే ఊపుకు మెత్తబడిన పైపు లోపలికి నొక్కుకుపోయి నీటిని ఆపేస్తుంది, బండి ఆపగానే మళ్లీ మామూలుగా అవుతుంది. బానెట్టు తెరిచి ఒకరు రేసు ఇస్తుండగా మరొకరు దూరం నుంచి గమనిస్తే తెలిసిపోతుంది. వీటి తర్వాతే, సిలిండర్లకు స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటరు దగ్గరికి వెళ్లండి. స్పార్కును ముందుకు జరిపే దాని వ్యాక్యూమ్ డయాఫ్రం (పల్చటి పొర) చిరిగితే స్పార్కు ఆలస్యంగా పడి, వేడి ఎక్కువగా నీటిలోకి దిగుతుంది.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. ప్యూజో డీజిల్ ఇంజనున్న పాత మహీంద్రా జీపు నడుపుతున్నాను. ఎప్పుడూ బోరు నీళ్లే పోస్తాం. రేడియేటరు మెడలో తెల్లటి పొర కట్టింది. యాసిడ్ పోసి కడగవచ్చా? కూలెంటు మన ఎండల ప్రాంతంలో అవసరమా?
(ఒక రైతు)

జవాబు: మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వద్దే వద్దు. అది సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది. పది లీటర్ల నీటికి అర కిలో నిమ్మ ఉప్పు కలిపి నింపి, ఇంజనును అరగంట వేడిగా నడిపి, చల్లారాక దించి, నీరు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు సార్లు మంచినీటితో కడగండి. సున్నం మూసి ఉంచిన పాత చిల్లులు ఆ తర్వాత కారడం మొదలుపెట్టవచ్చు, దానికి సిద్ధపడి ఈ పని చేయండి.

కూలెంటు అవసరమే. గడ్డకట్టకుండా ఉండటం మనకు ముఖ్యం కాకపోవచ్చు గానీ, తుప్పును ఆపే మందులు అందులోనే ఉంటాయి, నీరు మరిగే స్థాయి కూడా కొంత పెరుగుతుంది. బ్యాటరీకి పోసే శుద్ధమైన నీటిలో మూడో వంతు నుంచి సగం దాకా కలిపితే చాలు. కూలెంటు ఒక్కటే నింపితే ఎక్కువ చల్లబరుస్తుందనుకోవడం పొరపాటు, నీటికున్నంత వేడిని మోసే శక్తి దానికి లేదు. రంగు చూసి రెండు రకాలను కలపవద్దు, రంగు తయారీదారు ఇష్టం మాత్రమే. రెండు మూడేళ్లకోసారి మార్చండి. దించిన పాత కూలెంటును పశువుల కొట్టం దగ్గర, బావి దగ్గర పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పోసి పిల్లలకు అందకుండా పెట్టండి. అందులోని గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ ఇష్టంగా తాగి చనిపోతాయి.