ఐదు ఫైళ్లు ఎంచుకున్నా ఒక్కటే కాపీ అవుతోందా? కంట్రోల్ వదిలేసి బాణం నొక్కడమే కారణం కావచ్చు

మీరు ఐదు ఫైళ్లు ఎంచుకుని పేస్ట్ చేస్తే చివరిదొక్కటే వస్తోందన్నారు. మధ్యలో ఎక్కడో కంట్రోల్ వదిలేసి బాణం నొక్కి ఉంటారు. అలా ఒక్కసారి నొక్కినా అంతకుముందు ఎంచుకున్న ఫైళ్లన్నిటి ఎంపిక పోతుంది. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కొత్త ఫైల్ పేరు మాత్రమే చదువుతుంది కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు.

విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇలా చేయండి:

1. మొదటి ఫైల్ మీదికి మామూలుగా బాణంతో వెళ్లండి. ఫోల్డర్ అప్పుడే తెరిచి ఉంటే మొదటి ఫైల్ పేరు వినిపించినా అది ఎంపికై ఉండకపోవచ్చు. అప్పుడు స్పేస్ నొక్కండి.

2. ఇక్కడి నుంచి కంట్రోల్ వదలకండి. కంట్రోల్‌తో పాటు కింది బాణం నొక్కుతూ వెళ్లండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఫైల్ పేరుతో పాటు "నాట్ సెలెక్టెడ్" (ఎంపిక కాలేదు) అంటుంది. టెన్షన్ పడకండి, అలాగే అనాలి.

3. కావలసిన ఫైల్ దగ్గర కంట్రోల్ స్పేస్ నొక్కండి. మళ్లీ నొక్కితే ఎంపిక పోతుంది.

4. కాపీ చేసే ముందు లెక్క చూసుకోండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. ఎన్‌వీడీఏ డెస్క్‌టాప్ లేఅవుట్‌లో ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్‌సర్ట్), ఎండ్ కలిపి నొక్కండి. ల్యాప్‌టాప్ లేఅవుట్ అయితే షిఫ్ట్ కూడా కలపాలి. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్‌లో ఇన్‌సర్ట్, పేజ్ డౌన్. విండో అడుగున ఉండే స్టేటస్ బార్ చదివి ఎన్ని ఎంపికయ్యాయో చెబుతుంది. ఐదు అని వినేదాకా ముందుకు వెళ్లకండి.

5. కంట్రోల్ సి. కావలసిన ఫోల్డర్‌లోకి వెళ్లి కంట్రోల్ వి.

ఫైళ్లు వరుసగా ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు, షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కితే చాలు.