ఆకులు వేలాడిపోయిన ఆర్కిడ్‌ని పారేయకండి, ముందు వేర్లు చూడండి

మీ ప్రశ్న చదివాను. బహుమతిగా వచ్చిన ఆర్కిడ్ రెండు నెలలు బాగా పూసింది, తర్వాత పూలన్నీ రాలిపోయాయి, ఇప్పుడు ఆకులు మెత్తబడి ముడతలు పడి వేలాడుతున్నాయి, రోజూ నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదు, పారేయమంటారా అని అడిగారు.

పారేయొద్దండి. నీళ్లు పోయడం మాత్రం ఈ రోజే ఆపండి. మా ఇంట్లో కూడా సరిగ్గా ఇలాగే జరిగింది.

2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మా గృహప్రవేశానికి ఒకరు తెల్లపూల ఆర్కిడ్ తెచ్చారు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఫలెనాప్సిస్ అంటారు. వెడల్పాటి దళసరి ఆకులు, వంగిన కాడకి వరసగా పూలు. మీ దగ్గర ఉన్నది కూడా ఇదే అనుకుంటున్నాను. అమ్మ తులసికోటలో పోసినట్టే దీనికీ రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోసేది. ఏప్రిల్ కల్లా పూలు రాలాయి. మే నెలలో ఆకులు వాడిపోయినట్టు కిందికి వాలాయి. ఎండలకి దాహం వేస్తోందనుకుని సాయంత్రం కూడా పోయడం మొదలుపెట్టాం. జూన్‌లో ఒకరోజు మొక్కని పట్టుకుని కాస్త లాగితే కుండీలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. వేర్లు గోధుమరంగులో కుళ్లిపోయి, మురుగు కాలవ వాసన. ఆ రోజు చాలా బాధేసింది.

అప్పుడు తెలిసిందేమిటంటే, ఇది మట్టిలో పెరిగే మొక్క కాదు. అడవిలో చెట్ల కొమ్మలకి వేర్లతో కరుచుకుని ఉంటుంది. వాన పడితే వేర్లు నీళ్లు పీల్చుకుంటాయి, కాసేపటికి గాలికి ఆరిపోతాయి. వేరు చుట్టూ స్పంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది, నీళ్లు పట్టి ఉంచేది అదే. అది ఎప్పుడూ తడిగానే ఉంటే లోపలి వేరుకి గాలి అందదు, కుళ్లిపోతుంది. వేరు పోయాక కుండీ నిండా నీళ్లున్నా ఆకుకి ఒక్క చుక్క అందదు. అందుకే నీళ్లు ఎక్కువైన మొక్క, నీళ్లు లేని మొక్క పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా వేర్లలోనే తెలుస్తుంది.

(మన ఊళ్లలో మామిడి చెట్ల మీద పెరిగే వాండా కూడా ఆర్కిడ్డే. చాలామంది బదనిక అని పీకేస్తారు. అసలు బదనికలా అది చెట్టు రసం తాగదు, కొమ్మని ఆసరాగా పట్టుకుంటుంది, అంతే. వాండా అనే పేరు సంస్కృతం నుంచే వెళ్లింది. మీ ఊళ్లో కనిపిస్తే దాని వేర్లు ఎంత ఆరుబయట వేలాడుతుంటాయో ఒకసారి చూడండి, ఈ మొక్కకి ఏం కావాలో వెంటనే అర్థమవుతుంది.)

ఇక మీరు చేయాల్సింది. మొక్కని కుండీలోంచి తీయండి. పైన అందమైన పింగాణీ కుండీ, లోపల పల్చటి ప్లాస్టిక్ కప్పు ఉంటాయి. ఆ కప్పు మధ్యలో, వేర్ల నడుమ నాచు (స్పాగ్నమ్ మాస్ అని అమ్మే ఎండు నాచు) ఉండలా గట్టిగా కుక్కి ఉంటుంది. నర్సరీ వాళ్లకి రవాణాలో తడి ఆరకుండా అది పనికొస్తుంది గానీ మన ఇంట్లో అదే కొంప ముంచుతుంది. పైన ఆరినట్టున్నా లోపల వారాల తరబడి తడిగా ఉంటుంది. వేళ్లతో నెమ్మదిగా దాన్నంతా తీసేసి, వేర్లని కుళాయి కింద కడగండి.

తర్వాత ఒక్కో వేరునీ వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే, రంగు కాస్త పసుపుగా ఉన్నా సరే. నొక్కితే మెత్తగా అణిగిపోయి నీళ్లు కారినా, పైతొక్క జారిపోయి లోపల దారంలాంటిది మిగిలినా ఆ వేరు పోయినట్టే. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి పోయిన భాగం కత్తిరించండి. పూలకాడ ఇంకా ఉంటే దాన్నీ మొదట్లో కోసేయండి, ఉన్న కాస్త బలమూ అటు పోకుండా ఉంటుంది. కానీ ముడతలు పడిన ఆకులు పచ్చగా ఉన్నంతకాలం తీయకండి. వేర్లు లేనప్పుడు మొక్క బతికేది ఆ ఆకుల మీదే.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కోసినచోట దాల్చినచెక్క పొడి రాయాలని విని, మిగిలిన వేర్లన్నిటికీ పట్టించేశాను. ఆ పొడి తడిని లాగేస్తుంది. నాకు మిగిలినవే మూడు వేర్లు, అందులో ఒకటి వారంలో ఎండిపోయింది. కోత పడిన చివర మీద చిటికెడు అద్దితే చాలు, బతికున్న వేరుకి తగలనివ్వకండి. ఏమీ రాయకుండా ఒక పూట నీడలో ఆరబెట్టినా సరిపోతుంది.

గట్టి వేర్లు నాలుగైదు మిగిలితే మీ పని సులువే. అడుగునా పక్కలా చిల్లులున్న చిన్న కుండీ, వేర్లు పట్టేంత మాత్రమే, తీసుకోండి. పెద్ద కుండీ వద్దు, ఆరడానికి ఆలస్యమవుతుంది. అందులో పైన్ బెరడు ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపి వేయండి. బెరడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బొగ్గు నేను మా వీధి ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. కొబ్బరి డొక్క ముక్కలైనా పరవాలేదు, కాకపోతే రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు పోగొట్టాలి. మట్టి, కోకోపీట్ (మెత్తటి కొబ్బరి పొట్టు) అసలు వద్దు.

నాకు మిగిలినవి రెండే వేర్లు కాబట్టి వేరే దారి పట్టాను. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, లోపల వెలుతురు పడేది, తీసుకుని అడుగున నాచు పరిచాను. నాచుని నీళ్లలో ముంచి, ఇక చుక్క కారనంతగా పిండాలి. దాని మీద మొక్కని పడుకోబెట్టి మూత వదులుగా పెట్టి, ఎండ తగలని వెలుతురులో ఉంచాను. గాలిలో తేమ ఉంటే ఆకుల్లోంచి నీళ్లు పోవడం తగ్గుతుంది, వేర్లు పుట్టేదాకా మొక్క నిలబడుతుంది. రోజూ ఐదు నిమిషాలు మూత తీయడం తప్పనిసరి, లేకపోతే మన వేడికి బూజు పడుతుంది. ఐదు వారాలు ఏ మార్పూ లేదు. ఆరో వారం కాండం పక్కన పచ్చగా, నిగనిగలాడుతూ మినపగింజంత మొటిమ కనిపించింది. కొత్త వేరు! అమ్మని పిలిచి చూపించాను. కొత్త వేర్లు రెండంగుళాలయ్యాక బెరడులోకి మార్చాను.

నీళ్ల సంగతి. వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి, వేరు రంగు చూడండి. తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండిరంగులో ఉంటుంది. అందుకే లోపలి కుండీ పారదర్శకంగా ఉంటే మంచిది. వేర్లు వెండిరంగుకి వచ్చాక పొద్దునపూట కుండీని పది నిమిషాలు నీళ్లలో ఉంచి, పూర్తిగా వార్చి పెట్టండి. మా ఇంట్లో ఎండాకాలం నాలుగు రోజులకోసారి, వానాకాలం తొమ్మిది పది రోజులకోసారి పడుతుంది. ఆకుల నడిమధ్య గుంటలో నీళ్లు నిలిస్తే మాత్రం వెంటనే టిష్యూతో అద్దేయండి. అక్కడ కుళ్లు పట్టి నడిమి ఆకు లాగితే ఊడి వచ్చిందంటే మొక్క దక్కడం చాలా కష్టం. మీ కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంటే ఆ బోరు నీళ్లు దీనికి వద్దు. వాననీళ్లు శ్రేష్ఠం, లేదంటే ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు. ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు కాదు సుమా, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

తూర్పు కిటికీ దగ్గర పల్చటి తెర వెనక పెట్టండి. పడమటి ఎండకి ఆకులు కాలిపోతాయి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. కూలర్ ఉన్న గది మాత్రం ఎండాకాలంలో దీనికి బాగా పడింది, గాలిలో తేమ ఉంటుంది కదా. ఎరువు తొందరపడి వేయకండి. కొత్త వేర్లు బాగా సాగాక 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీళ్లకి పావు గ్రాము, రెండు వారాలకోసారి.

పాత ఆకుల ముడతలు పూర్తిగా పోవు, దానికి టెన్షన్ పడకండి. కొత్త ఆకు గట్టిగా, నున్నగా వస్తోందా లేదా అన్నదే చూడండి. ఏడాదికి రెండు మూడు ఆకులు వస్తే గొప్పే. మాది 2022 అంతా ఆకులే వేసింది. ఆ డిసెంబరులో రాత్రి చలి తగిలేలా బాల్కనీ గోడ వారగా పెట్టాను, రాత్రులు చల్లబడితేనే దీనికి పూలకాడ పుట్టాలనిపిస్తుంది. మరీ వణికించే రాత్రుల్లో లోపలికి తెచ్చేదాన్ని. జనవరిలో రెండో ఆకు కింద నుంచి ఏదో మొలిచింది. వేరైతే కొన గుండ్రంగా ఉంటుంది, ఇది కాస్త చదునుగా, ముడిచిన పిడికిలిలా ఉంది. 2023 మార్చి ఆఖరులో ఆరు పూలు పూశాయి. మే దాటేదాకా ఉన్నాయి.

ఈ సాయంత్రం కుండీలోంచి తీసి, కడిగి, గట్టి వేర్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. ఒక్కటీ లేకపోయినా నడిమి ఆకు గట్టిగా ఉంటే డబ్బా పద్ధతి ప్రయత్నించొచ్చు. ఆ నాచు ఎంత తడిగా ఉండాలో, మూత ఎంత తెరవాలో మీ ఊరి వాతావరణాన్ని బట్టి చెబుతాను.