అణువులు పేర్చే చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. బంగారం మీద అణువులను పేర్చి ఎలక్ట్రానిక్స్ చేసే పరిశోధనలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. మేం నానోటెక్నాలజీ ఎంటెక్ చేయమంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నెట్, గేట్ పరీక్షల సంగతులు మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి, వదిలేస్తాను. మీరు పైకి అడగనిది ఇంకొకటి ఉంది: ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదువేనా, పెళ్లెప్పుడు? దానికి జవాబు నా దగ్గర ఉండదు, అమ్మాయినే అడగండి.

ఈ రంగం మీద నాకూ అనుమానాలున్నాయి. ఒక్క అణువే డయోడ్‌లా, అంటే కరెంటును ఒకవైపే పారనిచ్చే భాగంలా, పనిచేయగలదని అవిరామ్, రాట్నర్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించింది 1974లో. యాభై ఏళ్లు దాటినా ఆ లెక్కన చేసిన కంప్యూటర్ చిప్పు బజారుకు రాలేదు. మధ్యలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో ఇదే రంగంలో పనిచేసిన షోన్ అనే శాస్త్రవేత్త ఫలితాలు కల్పించాడని 2002లో విచారణ సంఘం తేల్చింది కూడా.

అయినా పని అద్భుతం. 2010లో స్విట్జర్లాండ్, జర్మనీ పరిశోధకులు బ్రోమిన్ ఉన్న అణువులను శూన్యంలో బంగారం మీద పరిచారు. 200 డిగ్రీలకు వేడిచేస్తే బ్రోమిన్ ఊడిపోయి అణువులు గొలుసుకట్టాయి. 400కు పెంచితే గొలుసు చదునై గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందమే ఉండే కార్బన్ పొర) రిబ్బను అయింది, సరిగ్గా ఏడు కార్బన్ పరమాణువుల వెడల్పుతో. చిక్కల్లా కింది బంగారంతోనే. అదీ కరెంటును పారనిస్తుంది కాబట్టి, రిబ్బనును విద్యుత్తు పారని పలక మీదికి మారిస్తే తప్ప ట్రాన్సిస్టర్, అంటే చిప్పులో కరెంటును ఆపి వదిలే స్విచ్, కాదు.

ఇక ఎంటెక్. పేరులో నానో ఉంటే కంపెనీలు వెంటపడవు. ల్యాబులో పరికరాలుంటేనే ఆ డిగ్రీకి విలువ. అవి ఉన్నాయో లేదో కనుక్కోకుండా, చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుందని ఎంచుకోవడం మీ పొరపాటు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఆమే సంపాదించుకుంటుంది. శూన్య పరికరాలు నడపడం, పలుచని పొరలు వేయడం, ఉపరితలాన్ని పరీక్షించడం చిప్పుల ఫ్యాక్టరీల్లోనూ రోజూ ఉండే పనులే. కంగారు పడకండి.

వచ్చే వేసవికి మన సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టమనండి. ఆ రెండు నెలలు ఎస్‌టీఎం (సన్నని సూది మొనతో ఉపరితలం మీది పరమాణువుల బొమ్మ తీసే సూక్ష్మదర్శిని) ఉన్న ల్యాబులో గడపనివ్వండి. సూది మొన చెడి, రాత్రంతా తీసిన బొమ్మ మసకబారినా తెల్లారి మళ్లీ ఆ ల్యాబుకే పరుగెత్తితే, పీహెచ్‌డీకి అడ్డుపడకండి. విసుగొచ్చి ఇంటికొస్తే, ఎంటెక్ ఎక్కడికీ పోదు.