గడ్డ కరిగించే ఇంజెక్షన్‌తో నాన్న చనిపోయారు... ఆస్పత్రిపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నకు తుంటి ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందన్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని గంటలకే మెదడులో రక్తస్రావమై చనిపోయారు. 22 నెలలైంది. నోటీసిస్తే ఆస్పత్రివాళ్లు ‘పరిశీలిస్తున్నాం’ అంటున్నారు. కేస్ షీట్ మా దగ్గర లేదు. పోలీసు కేసు పెడితే వాళ్లే డబ్బుతో దిగొస్తారని మా బావ అంటున్నాడు. అమ్మ ఇంకా కోలుకోలేదు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: రక్తస్రావమైంది కాబట్టి నిర్లక్ష్యమే అని వాదిస్తే ఓడిపోతారు. ఆ మందుకు రక్తస్రావం తెలిసిన ముప్పే. మీ కేసును తేల్చేది ఒక్కటే: ఇంజెక్షన్ మొదలుపెట్టే సమయానికి ఆయన బీపీ ఎంత? పై అంకె 90 కిందికి పడిపోయి షాక్‌లో (అవయవాలకు రక్తం సరిగా అందని స్థితిలో) ఉంటే, ‘ఆపరేషన్ గాయం పచ్చిగా ఉన్నా గడ్డే ప్రాణం తీసేలా ఉంది, అందుకే ఇచ్చాం’ అని డాక్టర్ గట్టిగా చెప్పుకోగలడు. బీపీ నిలకడగా ఉంటే కథ వేరు. అలాంటి రోగికి మామూలుగా హెపారిన్ వంటి, గడ్డ పెరగకుండా ఆపే మందుతో సరిపెడతారు. అదీ ఇవ్వలేని పరిస్థితైతే కాళ్లలోని గడ్డలు పైకి పోకుండా పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టే దారుంది. ఇవన్నీ వదిలి కరిగించే మందే ఎందుకిచ్చారో వాళ్లు చెప్పుకోక తప్పదు.

ఇది డెత్ సమ్మరీలో తేలదు, అది తర్వాత తీరిగ్గా టైప్ చేసిన కాగితం. ఐసీయూలో నర్సు చేత్తో రాసిన బీపీ చార్ట్, ఇంజెక్షన్ మొదలైన టైము, ఎకో (గుండె స్కాన్) రిపోర్ట్, మీ ఇంట్లోవాళ్లు సంతకం పెట్టిన అంగీకార పత్రం ఫారం... ఇవి కావాలి. ఆ ఫారంలో మెదడులో రక్తస్రావం ముప్పు గురించి రాశారో లేదో చూడాలి.

ఇన్నాళ్లూ కేస్ షీట్ అడగకుండా నోటీసులతో కాలక్షేపం చేయడమేమిటండీ! రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలున్నాయి. ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. క్యాష్‌లెస్‌లో చేరి ఉంటే ఆస్పత్రి పంపిన కాగితాలు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరా ఉంటాయి, అక్కడా అడగండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. ‘పరిశీలిస్తున్నాం’ అన్న ఉత్తరంతో అది ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

మీ బావగారి సలహా మాత్రం వినొద్దు. జాకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు, డాక్టర్‌పై క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, పోలీసులు ముందు మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. ఆ తిరుగుడులోనే మీకు మిగిలిన రెండు నెలలూ అయిపోతాయి. పైగా కేసు పేరు చెప్పి ఫోన్లో డబ్బడిగితే, ఆ రికార్డింగ్ పట్టుకుని ఆస్పత్రివాళ్లే మీమీద ఫిర్యాదు చేస్తారు.

కేస్ షీట్ వచ్చేదాకా ఆగకుండా బిల్లులు, డెత్ సమ్మరీ, సీటీ స్కాన్ రిపోర్టులతో జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసేయండి. ఆస్పత్రి వేరే ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన బిల్లు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. అమ్మగారిని, తోబుట్టువులను కూడా ఫిర్యాదుదారులుగా చేర్చండి. కేస్ షీట్ తెప్పించమని దాంతోపాటే పిటిషన్ పెట్టండి.

ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని హైదరాబాద్ నుంచి వెళ్లిన కిషన్‌రావు కేసులో (2010) సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. కానీ అక్కడ మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారు. మీది అలా కంటికి కనిపించే తప్పు కాదు. చార్ట్ చేతికి రాగానే ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పల్మనాలజిస్ట్‌కో కార్డియాలజిస్ట్‌కో చూపించి, అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. బీపీ నిజంగానే పడిపోయి ఉందని ఆయన చెబితే ఫిర్యాదును అంగీకార పత్రం లోపం వరకే కుదించుకోవాలి. ఎమర్జెన్సీ కాబట్టి అదీ తేలికేం కాదు.