రెండుసార్లు సిలికాన్ పూసినా ట్రైలర్‌లోకి నీళ్లు: సమాధానం

సందులకు రెండుసార్లు సిలికాన్ (సందులు మూసే జిగురు) పూసినా మీ ట్రైలర్‌లోకి, అంటే బండి వెనక తగిలించి లాగే మూసిన పెట్టెలోకి, నీళ్లు వస్తున్నాయని అడిగారు. నీళ్లు వెనక తలుపు దగ్గర నిలుస్తున్నా, లీకు అక్కడే ఉండాలని లేదు. చాలాసార్లు పైకప్పు ముందు అతుకులోంచో, మార్కర్ లైట్ల (అంచుల్లో ఉండే చిన్న దీపాల) వెనక నుంచో దిగి, గోడ ప్లైవుడ్ చాటున జారి వస్తుంది.

1. ఒకరు లోపల టార్చితో ఉండి, నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో చూడండి. ఇంకొకరు బయట హోస్‌పైపుతో కింది నుంచి పైకి నెమ్మదిగా తడపాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో మొత్తం గీకెయ్యండి. వేలితో రుద్దితే నున్నగా జారుతోందా? పొర ఇంకా ఉన్నట్టే. సిలికాన్ రిమూవర్‌తో తుడిచి, చివర్లో ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

3. పైకప్పు అతుకుల మీద సెల్ఫ్ లెవెలింగ్ ల్యాప్ సీలెంట్ (తనంతట తానే సమంగా పరుచుకునే జిగురు), నిలువు అంచులకు కిందికి జారని రకం సీలెంట్, లైట్ల వెనక బ్యూటైల్ టేప్ (మెత్తటి రబ్బరులాంటి జిగురు పట్టీ) వాడండి. దయచేసి పైకప్పు ఎక్కకండి, రేకు పల్చన. నిచ్చెన మీద నుంచే చేయండి.