టెక్ సందేహాలు: పగడాల ట్యాంకుకు ఏ పంపు?

ప్రశ్న: నా దగ్గర నాలుగడుగుల పొడవు, దాదాపు 240 లీటర్ల పగడాల ఆక్వేరియం ఉంది. ప్రస్తుతానికి సాఫ్ట్ కోరల్స్ (గట్టి ఎముక లేని మెత్తటి పగడాలు), ఇంకా ఎముక ఉన్న రకాల్లో ఒక హ్యామర్, ఒక టార్చ్ పెంచుతున్నాను. మున్ముందు జోరైన ప్రవాహం కోరే కొమ్మల పగడం ఆక్రోపోరా పెట్టాలని ఆశ. ట్యాంకు నీటిని కదిలించే, గంటకు 8,000 లీటర్ల వేవ్‌మేకర్ ఒకటి కొనమంటారా, 4,000 లీటర్లవి రెండా? ధరలో పెద్ద తేడా లేదు.

జవాబు: రెండు చిన్నవే కొనండి. ధర ఒకటే అయినప్పుడు మరో ఆలోచన అక్కర్లేదు.

పగడం ఉన్నచోటి నుంచి కదలదు. తిండి దాని దగ్గరకు రావాలి, అది వదిలిన జిగురూ మలినమూ కొట్టుకుపోవాలి. రెండు పనులూ నీరే చెయ్యాలి. దీనికి తోడు పగడం ఒంటిని అంటిపెట్టుకుని, కదలిక లేని పలుచని నీటి పొర ఒకటి ఉంటుంది. వెలుగులో పగడం లోపలి నాచు కణాలు తయారుచేసే ఆక్సిజన్ ఆ పొరను దాటితేనే బయటపడుతుంది. ప్రవాహం మందగించిందంటే పొర మందమవుతుంది, ఆక్సిజన్ లోపల పేరుకుని కణజాలానికే చేటు తెస్తుంది. అందుకే ఖరీదైన లైటు పెట్టి పంపు దగ్గర పొదుపు చేయడం తిరగేసిన లెక్క అంటాను.

ఒక్క పంపుతో చిక్కేమిటంటే నీరు ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొడుతుంది. ఎదురుగా ఉన్న పగడానికి దెబ్బలు, రాళ్ల వెనక మడుగు. ఆ మడుగులోనే చెత్త చేరుతుంది. సముద్రంలో పగడాల గట్టు మీద నీరు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దిశ మారుతూనే ఉంటుంది. రెండు పంపులను ఎదురెదురు గోడలకు పెట్టి, కాసేపు ఇది, కాసేపు అది జోరుగా నడిచేలా అమర్చుకుంటే ఆ తీరు కొంతవరకైనా వస్తుంది. ఒకటి పాడైన రోజున రెండోది ఆదుకుంటుంది కూడా.

ఇక పెట్టె మీది లీటర్ల సంగతి. 8,000ను 240తో భాగిస్తే, ట్యాంకు నీటికి గంటకు 33 రెట్లు. సాఫ్ట్ కోరల్స్‌కు 10 నుంచి 20 రెట్లు, హ్యామర్, టార్చ్ లాంటివాటికి 20కి కాస్త అటూ ఇటూ, ఆక్రోపోరాకు 40, ఆపైన అని ఈ అభిరుచి ఉన్నవాళ్లలో ఒక మోటు లెక్క చలామణిలో ఉంది. మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది, అంతకు మించి నమ్మకండి. అవే లీటర్లు బొటనవేలంత మూతి నుంచి వస్తే పగడం చర్మాన్ని చీల్చే ధార అవుతాయి. అరచేయంత ప్రొపెల్లర్ నుంచి వస్తే మెత్తగా పరుచుకుంటాయి. అందుకని మూతి ఎంత వెడల్పో, వేగాన్ని ఎంత కిందికి తగ్గించుకోవచ్చో ముందు చూడండి. మీకిప్పుడున్న పగడాలకు రెండు పంపులూ సగం వేగంతో నడిస్తే చాలు. ఆక్రోపోరా వచ్చాక పెంచుకోవచ్చు.

పొడవాటి ట్యాంకుకు గైర్ రకం కూడా బాగుంటుంది. అందులో సన్నటి పొడవాటి రోటరు తిరుగుతూ నీటిని వెడల్పాటి పలకలా తోస్తుంది. అది పైభాగాన సాగి, ఎదుటి అద్దాన్ని తాకి, అడుగు నుంచి వెనక్కి వస్తుంది. విడదీసి కడగాల్సిన భాగాలు మాత్రం ఎక్కువ. వోర్టెక్ తరహా పంపుల్లో మోటారు అద్దానికి బయట ఉంటుంది, లోపలి ప్రొపెల్లర్‌ను అయస్కాంతంతో తిప్పుతుంది. మోటారు వేడి నీటిలోకి రాదు, కరెంటు తీగ నీళ్లలో మునగదు. కానీ మీ అద్దం మందానికి ఆ మోడల్ సరిపోతుందో లేదో చూశాకే కొనాలి. అతికించేటప్పుడు రెండు ముక్కల మధ్య వేలు పెట్టకండి, ఆ అయస్కాంతాలకు జాలి లేదు.

అమర్చడం ఇలా: రెండూ పొట్టి గోడలకు, పై మూడో వంతులో. సూటిగా ఎదురెదురుగా కాకుండా ముందు అద్దం వైపు కొద్దిగా తిప్పండి, ధారలు మధ్యలో ఢీకొని చెదరాలి. ఒకదాని మూతి కాస్త పైకెత్తితే నీటి ఉపరితలం కదులుతుంది, గాలితో ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. ఆ తర్వాత పావుగంట ఊరికే చూస్తూ కూర్చోండి. టార్చ్ టెంటకిల్స్ (వేళ్ల లాంటి మెత్తటి తీగలు) ఊగి మళ్లీ వెనక్కి వస్తుంటే సరైన ప్రవాహం. ఒకే పక్కకు వాలిపోయి ఉంటే ఎక్కువైంది. కండ ఎముక అంచు నుంచి వెనక్కి తగ్గుతున్నట్టు కనిపిస్తే ఆ క్షణమే పంపును పక్కకు తిప్పేయండి. ఇసుక లేచి అడుగు అద్దం బయటపడితే పంపు కిందికి చూస్తోందన్నమాట. చిటికెడు మేత వేసి అదెక్కడ తేలిగ్గా దిగి ఆగిపోతుందో గమనించండి, మీ మడుగు అక్కడే ఉంది.

ప్రశ్న: కొత్త పంపు యాప్‌లో 'వేవ్' మోడ్ పెట్టినా నీరు వణుకుతోందే తప్ప అల రావడం లేదు. పంపు లోపమా?

జవాబు: లోపం పంపులో కాదు, సమయంలో. ట్యాంకు నీరంతా ఒక వైపు లేచి, మరో వైపు పడడానికి దానికంటూ ఒక కాలం ఉంటుంది. ఉయ్యాలను సరిగ్గా వెనక్కొచ్చిన క్షణంలో తోస్తేనే ఎత్తుకు పోతుంది కదా, ఇదీ అంతే. ఆ కాలం ట్యాంకు పొడవును, నీటి లోతును బట్టి ఉంటుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల లోతు ఉంటే లెక్క ప్రకారం దాదాపు 1.4 సెకన్లు. అంటే పంపు 0.7 సెకను నడవాలి, 0.7 సెకను ఆగాలి. మీ ట్యాంకు పొడవైతే ఇంకా పెంచండి, పొట్టిదైతే తగ్గించండి. యాప్‌లో సెకనులో పదో వంతు చొప్పున జరుపుతూ పోతే ఒకచోట నీరు ఒక్కసారిగా అందుకుంటుంది.

అందుకున్నాక మురిసిపోయి వేగం పెంచేయకండి. ఆ ఊపు అద్దాల అతుకుల మీద, స్టాండు మీద రోజుకు వేల సార్లు పడుతుంది. అల ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లు దాటనివ్వకపోవడం నయం. పైన చుట్టూ పట్టీ (రిమ్) లేని ట్యాంకయితే, స్టాండు చేత్తో కదిపితే కదిలేదయితే, ఈ మోడ్ జోలికే పోవద్దు. ఎటూ కాని యాదృచ్ఛిక మోడ్‌తో పగడాలకు అందే మేలు ఏమీ తక్కువ కాదు.

ప్రశ్న: పాత ఏసీ కరెంటు పవర్‌హెడ్లు (నీట మునిగే చిన్న పంపులు) రెండున్నాయి. స్మార్ట్ ప్లగ్‌లతో పది సెకన్లకోసారి మార్చి మార్చి నడిపితే వేవ్‌మేకర్ ఖర్చు తప్పుతుంది కదా?

జవాబు: తప్పదు, వాయిదా పడుతుంది. ఆ పంపుల్లోని అయస్కాంత రోటరు ఆగి మొదలైన ప్రతిసారీ కుదుపు తింటుంది. చాలావాటిలో అది ఏ దిశలో తిరగడం మొదలుపెడుతుందో కూడా దాని ఇష్టమే. పది సెకన్లకోసారి అంటే రోజుకు 8,640 మార్పులు. రోటరు కంటే ముందు ప్లగ్‌లోని రిలే (కరెంటును కలిపి తెంచే స్విచ్చు) చేతులెత్తేయవచ్చు. ఆరు గంటలకోసారి ఒకటి ఆపి మరొకటి నడపండి, ఆటుపోట్ల మాదిరి మార్పు వస్తుంది, పంపులూ బతుకుతాయి. క్షణక్షణం మారాలంటే మెల్లగా వేగం అందుకుని మెల్లగా తగ్గే డీసీ పంపే కావాలి.

ప్రశ్న: వేవ్‌మేకర్ యాప్‌కు పంపు దొరకడం లేదు. ఫోన్ మార్చినా అంతే.

జవాబు: ఇలాంటి చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే అందుకుంటాయి. మీ రూటరు రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో ఇస్తుంటే, జత చేసేంతసేపు 5 గిగాహెర్ట్జ్‌ను ఆపి చూడండి. బ్లూటూత్‌తో వెతికే యాప్ అయితే ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు ఫోన్లలో లొకేషన్ అనుమతి ఇవ్వాలి, లొకేషన్ ఆన్‌లోనూ ఉండాలి. 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అనే అనుమతి వేరుగా అడుగుతుంది. రూటరుకూ పంపుకూ మధ్య నీళ్లతో నిండిన ట్యాంకు అడ్డుంటే సిగ్నల్ పడిపోతుందని మరచిపోవద్దు, నీరు ఆ తరంగాలను బాగానే మింగేస్తుంది.

జత కుదిరాక రెండు పరీక్షలు చేయండి, ఇవి నాకు యాప్ అందచందాల కంటే ముఖ్యం. రూటరు ఆపేయండి. పంపు తన టైమ్‌టేబుల్ ప్రకారమే నడుస్తోందా? నడవకపోతే ఆ టైమ్‌టేబుల్ కంపెనీ సర్వర్లో ఉందన్నమాట, ఆ సర్వర్ మూతపడిన రోజున మీ చేతిలో మిగిలేది మొండి మోటారు. తర్వాత ప్లగ్ తీసి మళ్లీ పెట్టండి. తనంతట తాను పాత వేగంతో మొదలవ్వాలి. కరెంటు వచ్చాక యాప్ తెరిచి మీట నొక్కమనే పంపును, వెనక్కిచ్చే గడువు దాటకముందే వెనక్కిచ్చేయండి.

ప్రశ్న: కింది సంపు (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి) నుంచి నీరెక్కించే రిటర్న్ పంపునే పెద్దది పెడితే వేవ్‌మేకర్ దేనికి?

జవాబు: రిటర్న్ పంపు నీటిని ఎత్తాలి. ఎత్తడానికి తినే కరెంటుతో వేవ్‌మేకర్ అంతకు ఎన్నో రెట్ల నీటిని కదిలిస్తుంది. పైగా ఎక్కించినదంతా ఓవర్‌ఫ్లో (పైనీటిని సంపులోకి దింపే దారి) గుండా దిగాలి, గొట్టం గొంతు నొక్కుకుంటే గోల మొదలవుతుంది. రిటర్న్‌కు గంటకు నాలుగైదు రెట్లు చాలు. పెట్టె మీది సంఖ్య ఎత్తు సున్నా దగ్గరిది, మీకు కావలసిన ఎత్తులో ఎంతొస్తుందో గ్రాఫ్ చూసి కొనండి.

ప్రశ్న: కరెంటు పోతే ఏం చేయాలి? అన్నిటికీ యూపీఎస్ పెట్టే స్తోమత లేదు.

జవాబు: అన్నిటికీ అక్కర్లేదు. లైటు లేకపోయినా పగడాలు కొన్ని గంటలు ఓర్చుకుంటాయి, నీరు కదలకపోతే ఆక్సిజన్ పడిపోయి ముందు చేపలు పోతాయి. ఒక్క డీసీ వేవ్‌మేకర్‌కు బ్యాటరీ పెట్టండి. ప్రొపెల్లర్ వేగం సగం చేస్తే అది లాగే శక్తి సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు దిగుతుంది, కాబట్టి చిన్న బ్యాటరీయే చాలాసేపు వస్తుంది. బ్యాటరీ, పంపు వోల్టేజీలు కలవాలి. 24 వోల్టుల పంపుకు 12 వోల్టుల బ్యాటరీ నేరుగా కలపకండి. బ్యాటరీకి తగిలించేది ఉపరితలం వైపు మూతి పెట్టిన పంపునే. రిటర్న్ గొట్టం మూతి నీటి మట్టానికి దగ్గరగా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. లోతుగా ఉంటే పంపు ఆగగానే ట్యాంకు నీరు అదే గొట్టం గుండా సంపులోకి దిగి, సంపు పొంగి నేల మీదికి వస్తుంది.